41 మొగ్గలు, 3 పువ్వులు: ఈ వేసవిలో మా గంధరాజం కథ

ఏప్రిల్ మొదటి ఆదివారం పొద్దున్నే కూర్చుని లెక్కపెట్టాను. మా గంధరాజానికి 41 మొగ్గలు. ఇవాళ మే చివరి ఆదివారం, రోహిణి కార్తె వచ్చేసింది. విచ్చుకున్నవి 3. రాలినవి 34. ఇంకో 4 కొమ్మనే ఉన్నాయి. వాటి గురించి మాత్రం ఎవరూ ఏమీ అనకండి, దిష్టి తగులుతుంది.

మిగతా డాబా అంతా ఘుమఘుమలాడుతోంది, అందుకే ఈ మంట ఇంకా ఎక్కువ. బొడ్డుమల్లె 3 కుండీలూ కలిపి రోజూ సోలెడు మొగ్గలిస్తున్నాయి. ఫిబ్రవరిలో ఆకంతా దూసేసి మోకాలెత్తుకి కత్తిరించినందుకు ఫలితం. (కత్తెర ఫాల్కన్ వాళ్లది, 6 ఏళ్ల నుంచి అదే. పదును పెట్టించుకుంటే చాలు, కొత్తది కొనక్కర్లేదు.) విరజాజి ఇప్పుడిప్పుడే అందుకుంటోంది. గేటు మీది రాధామనోహరం సాయంత్రం తెల్లగా విచ్చుకుని, పొద్దున్నకి గులాబీ రంగుకొచ్చి, ఆ తర్వాత ఎర్రబడుతోంది. వీధిలో పిల్లలు ఒక్కో గుత్తిలో ఎన్ని రంగులున్నాయో పందేలు వేసుకుంటున్నారు. మే పువ్వు గడ్డలు రెండు పూశాయి. వాసన లేని పువ్వు కాబట్టి ఇంతకంటే రాయను.

మనోరంజితం గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పాలి. పోయినేడు శ్రీకాకుళం నుంచి స్నేహితురాలు బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన మొక్క అది. ఈ నెల మొదటి పువ్వు పూసింది. నాకు కనిపించలేదు. ఆకుల మధ్య ఆకులాగే పచ్చగా ఉంటుంది కదా. మూడో రోజు సాయంత్రం బట్టలు తీయడానికి వెళ్తే డాబా మీద ఎవరో పనసపండు కోసినట్టు వాసన. వెతగ్గా వెతగ్గా దొరికింది, అప్పటికి పసుపు తిరిగింది. కోసి స్టీలు గిన్నెలో నీళ్లు పోసి వేసి హాల్లో పెడితే రాత్రి 11 దాకా ఇల్లంతా అదే వాసన.

మేం నలుగురం ఆడవాళ్లం వేసవిలో ప్రతి ఆదివారం సాయంత్రం ఎవరో ఒకరి డాబా మీద కలుస్తాం. ఎవరింట్లో పూసినవి వాళ్లు గిన్నెలో వేసుకుని తెస్తారు. పంచుకుని, దండలు కట్టుకుని, కొమ్మలు మార్చుకుని వెళ్తాం. ఈసారి మార్చిలోనే నేను పెద్ద మాట అనేశాను, "ఏప్రిల్‌లో ఒక్కొక్కరికి 5 గంధరాజాలు" అని. పోయిన వారం వాళ్లు సంపెంగలు, జాజులు, దవనం తెచ్చారు. నేను సాసర్‌లో ఒక్క గంధరాజం పెట్టుకుని వెళ్లాను, అదీ అంచులు గోధుమరంగు తిరిగింది. పిన్నిగారు దాన్ని చూసి, "ఇది నలుగురికీ తలో రేకూ ఇస్తావేటమ్మా?" అన్నారు.

సరే, అసలు విషయం. మాది ముద్ద రకం, అంటే రేకులు వరసల మీద వరసలుగా ఉండేది. రెండేళ్ల క్రితం ఇక్కడ విజయనగరంలోనే నర్సరీలో కొన్నాను. మొదటేడు ఆ నర్సరీ సంచిలోనే 6 పూసింది. పోయిన అక్టోబరులో మట్టి కుండీలోకి మార్చాను. కోకోపీట్ (కొబ్బరి పొట్టు), ఎర్రమట్టి, బాగా చివికిన గెత్తం (పశువుల ఎరువు) సమానంగా కలిపిన మిశ్రమం. మిగతా మొక్కలన్నింటికీ అదే, వేటికీ ఏ ఇబ్బందీ లేదు.

మొగ్గ రాలే తీరు రాస్తాను, ఎవరికైనా ఇలాగే ఉందేమో చూసుకోండి. మొగ్గ చిటికెన వేలి కణుపంత అయ్యేదాకా అంతా బాగుంటుంది. మెలితిప్పిన కొసలో తెలుపు తొంగి చూస్తుంది. అక్కణ్ణుంచి ఒకట్రెండు రోజుల్లో కింద తొడిమ దగ్గర పసుపు ఉంగరం తొడిగినట్టు అవుతుంది. మర్నాడు వేలితో తాకితే చేతిలోకి వచ్చేస్తుంది. వాడిపోదు, నల్లబడదు. రాలిన వాటిలో పది బ్లేడుతో నిలువునా కోసి చూశాను. లోపల రేకులు చుట్ట చుట్టుకుని తెల్లగా, తాజాగా ఉన్నాయి. పురుగు లేదు, కన్నం లేదు. తెల్ల కాగితం మీద కొమ్మల్ని తట్టి చూస్తే తామర పురుగులు రెండో మూడో పడ్డాయి, అంతే. ఆ లెక్కన అయితే మల్లెలకి ఇంకా ఎక్కువున్నాయి, అవి పూస్తూనే ఉన్నాయి. కాబట్టి మందుల జోలికి పోలేదు. ప్రతిదానికీ వేపనూనె కొట్టేయమనే సలహా అంటే నాకు మొదటి నుంచీ చిరాకే.

వారాలవారీగా రాలినవి: 4, 6, 9, 8, 5, 2, 0. మొత్తం 34.

మొదటి అనుమానం బోరు నీళ్ల మీద. కొత్త ఆకులు పసుపు, ఈనెలు మాత్రం పచ్చ. కుండీ అంచున తెల్లగా సున్నం కట్టింది. నీళ్లలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు పెడితే 840. పీహెచ్ స్ట్రిప్ 8 చూపించింది (7 కంటే తగ్గేకొద్దీ పులుపు, పెరిగేకొద్దీ క్షారం). గంధరాజానికి పులుపు నేల కావాలి, 5 నుంచి 6 మధ్య అయితే హాయి. ఇంత సున్నపు నీళ్లు పోస్తే మట్టిలో ఇనుము ఉన్నా వేరుకి అందదు. ఇక్కడిదాకా అందరికీ తెలిసిందే.

అందుకని కిరాణా కొట్టులో నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కొన్నాను. 10 లీటర్ల బకెట్‌లో అర చెంచా వేసి కలిపితే స్ట్రిప్ ఆరున్నర చూపించింది. పని అయిపోయిందనుకుని పడుకున్నాను. తెల్లారి అదే బకెట్ చూస్తే మళ్లీ 8కి దగ్గర్లో ఉంది! స్ట్రిప్ పాడైందనుకుని ఇంకోటి ముంచాను, అదే రంగు. తర్వాత బకెట్‌లోకి తొంగి చూస్తే సోడా గ్లాసులోలాగా గోడలకి చిన్న చిన్న బుడగలు అంటుకుని ఉన్నాయి. అప్పుడు అర్థమైంది. నీళ్లలోని సున్నం పులుపుతో కలిసి కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. అది నీళ్లలో ఉన్నంతసేపూ పీహెచ్ తక్కువగా కనిపిస్తుంది. రాత్రికి రాత్రి గాలిలో కలిసిపోయాక, మిగిలిన సున్నం మళ్లీ పైకి లాగేస్తుంది. అంటే వేసిన పులుపు చాల్లేదు. నిండు చెంచా, దాదాపు 5 గ్రాములు వేశాక పొద్దున్నకి కూడా 7 లోపే నిలిచింది. కలిపిన వెంటనే కొలిచి మురిసిపోయే వాళ్లందరికీ ఇదే నా మనవి, ఒక రాత్రి ఆగి మళ్లీ కొలవండి. ఈ లెక్క కూడా మా బోరుకే, మీ నీళ్లకి మీరే చూసుకోవాలి.

తర్వాత ఇంకా తేలిక దారి దొరికింది. ఏసీ నీళ్లు! మన ఉక్కపోతకి రాత్రికి 6 లీటర్లు కారుతున్నాయి. టీడీఎస్ 22. ఇన్నాళ్లూ సన్‌షేడ్ మీదకి వదిలేసిన నీళ్లు అవి. ఇప్పుడు మా ఆయన పైపు కింద డబ్బా పెట్టడం మర్చిపోతే ఇంట్లో గొడవే.

ఇనుము సంగతి కూడా చెప్పేస్తా. మొదట ఆన్‌లైన్‌లో కొన్న ఇనుము పొడి ఈడీటీఏ రకం (ఇనుముని వేరుకి అందేలా పట్టి ఉంచే పదార్థం పేరు అది). కంపెనీ పేరెందుకులెండి. సున్నం ఉన్న మట్టిలో, పీహెచ్ ఆరున్నర దాటితే అది నిలవదని ప్యాకెట్ మీద ఒక్క అక్షరం లేదు. రెండుసార్లు వేసినా తేడా లేదు. ఆ తర్వాత ఈడీడీహెచ్ఏ రకం తెప్పించాను. ధర ఎక్కువ, కానీ నీళ్లలో వేయగానే బీట్‌రూట్ రసంలా చిక్కటి ఎరుపు. రెండు లీటర్లలో 5 గ్రాములు, ఒక్కసారి పోశాను. మూడో వారానికి కొత్త ఆకులు పచ్చబడ్డాయి. ఇనుము కొనేవాళ్లు బ్రాండ్ కాదు, ఆ నాలుగైదు అక్షరాలు చూసి కొనండి.

ఆకులు పచ్చబడ్డాయి. మొగ్గలు రాలుతూనే ఉన్నాయి.

రెండో అనుమానం వేడి. తెల్లవారుజామున 5 గంటలకి డాబా మీద థర్మామీటరు 28 చూపిస్తోంది. వేడి రాత్రుల్లో గంధరాజం మొగ్గ నిలబెట్టుకోలేదన్నది నిజమే. నాలుగో వారంలో సగం ఎండని ఆపే 50 శాతం షేడ్ నెట్ కట్టాను, చుట్టూ నీళ్లు చల్లాను. కానీ మా వెనక వీధిలో మామ్మగారి పెంకుటింట్లో నేలలో ఉన్న గంధరాజం అదే వేడిలో విరగబూస్తోంది. వెళ్లి అడిగాను. "మా చెట్టుకి నేనేటీ వెయ్యనే తల్లీ, బియ్యం కడుగు నీళ్లే" అన్నారు. అది రెక్క రకం (ఒకే వరస రేకులది), మొండిది, పైగా నేలలో ఉంది, నూతి నీళ్లు. పోలిక సరిపోదని నాకు నేనే చెప్పుకున్నాను. కానీ అసూయ లెక్కలు చూడదు కదా. రోజూ స్ట్రిప్‌లు ముంచుతుంటే మా అత్తయ్య ఓ రోజు అననే అన్నారు, "ఏటమ్మా, ఆ మొక్కకి ఇన్ని టెస్టులేటి? మా పిల్లలకే చేయించలేదు."

అసలు సంగతి మే రెండో ఆదివారం బయటపడింది. 2 లీటర్లు పోస్తే 20 సెకన్లలో అడుగు కన్నంలోంచి నీళ్లొచ్చేశాయి. అంత తొందరేమిటి? కొబ్బరి ఈనె తీసుకుని కుండీ అంచున గుచ్చాను. అడుగు దాకా దిగింది, తడి మట్టి అంటుకుని వచ్చింది. కాండం పక్కన గుచ్చితే రెండంగుళాలు దిగి ఆగిపోయింది. ఇంకాస్త నొక్కితే ఈనె విరిగింది.

కుండీని పక్కకి పడుకోబెట్టి మెల్లగా లాగాను. చుట్టూ నా మిశ్రమం తడిగా, తెల్లటి కొత్త వేళ్లతో కళకళలాడుతోంది. మధ్యలో కొబ్బరికాయంత ముద్ద. నర్సరీ నుంచి వచ్చినప్పటి మట్టే. చాకు మొన పెడితే బెల్లం అచ్చులా పెళ్లలుగా ఊడింది, లోపల పొడి పొడి. కడియం నర్సరీల వైపు నుంచి లారీల్లో ఇంత దూరం రావాలి కాబట్టి మొక్కలు బంకమట్టి ముద్దతో వస్తాయి, అందులో వాళ్ల తప్పేమీ లేదు. మార్చేటప్పుడు దాన్ని కాస్త విడదీయకుండా అలాగే దించేసింది నేను. ఒకసారి ఎండిపోయాక అది నీటిని పీల్చదు. చుట్టూ కోకోపీట్ మాత్రం తడిగా కనిపిస్తుంది. నేను వేలు పెట్టి చూసేది అక్కడే! మొక్క కాండం దగ్గర పాత వేళ్లు ఆరు వారాలుగా ఎండుతున్నాయి, నేనేమో పైన నిమ్మ ఉప్పు లెక్కలు వేసుకుంటున్నాను. అత్తయ్య వచ్చి చూసి, "గులాబ్‌జామ్ లోపలికి పాకం పట్టలేదన్నమాట" అని తేల్చేశారు. ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

మొగ్గలతో ఉన్న మొక్క, అదీ మే నెలలో. ముద్ద పగలగొట్టే ధైర్యం చేయలేదు. తిరిగి కుండీలో పెట్టి, పొడుగాటి స్క్రూడ్రైవర్‌తో ముద్దలోకి 7 కన్నాలు నిదానంగా తిప్పుతూ దించాను. కుండీ మొత్తాన్ని తొట్టిలో ఏసీ నీళ్లలో పెట్టాను. పెట్టే ముందు కాటా మీద 7.2 కిలోలు. 25 నిమిషాలపాటు బుడగలు వస్తూనే ఉన్నాయి. 40 నిమిషాలకి తీసి, నీళ్లు ఓడిపోయాక తూచితే 9.6. అంటే రెండు కిలోలకు పైగా దాహంతో ఉందది.

ఆ తర్వాత రాలినవి 2, పోయిన వారం 0. గెలిచానని చెప్పలేను. రాలడానికి మిగిలినవే 4 కదా! ఇనుము, నెట్, తొట్టి స్నానం, అన్నీ ఒక్క మొక్క మీదే చేశాను కాబట్టి ఏది పనిచేసిందో తేల్చడం కష్టం. నా అంచనా మాత్రం ఇది: ఆకుల పసుపుకి నీళ్లు కారణం, మొగ్గలకి ఆ ముద్ద. వేడి రెండింటికీ ఆజ్యం పోసింది.

వానలు పడ్డాక చేయాల్సినవి రాసుకున్నాను. రెండు మంచి వానలు కురవగానే గంధరాజాన్ని తీసి ముద్దని నీళ్లలో నానబెట్టి, పైపుతో కడిగి, కొత్త మట్టిలో పెట్టాలి. ఈసారి మట్టి కుండీ కాదు, 20 లీటర్ల పెయింట్ బకెట్. మన ఎండలకి మట్టి కుండీ గోడల్లోంచే సగం తడి పోతోంది. గ్రో బ్యాగ్ అసలే వద్దు, రెండేళ్లకి పీలికలవుతుంది. మామ్మగారి రెక్క రకానికి రెండు కొమ్మల మీద గాలి అంటు (కొమ్మ చెట్టు మీదుండగానే వేళ్లు పుట్టించడం) కట్టుకుంటానని ఒప్పించాను, బదులుగా బొడ్డుమల్లె పిలక ఇవ్వాలి. శ్రీకాకుళం స్నేహితురాలికి విరజాజి అంటు పంపాలి. సింహాచలం సంపెంగ వాసన తలచుకున్నప్పుడల్లా అంటు సంపెంగ ఒకటి కొనాలనిపిస్తుంది, కానీ డాబా మీద దానికి చోటెక్కడుందని మా ఆయన అప్పుడే అడుగుతున్నారు. చోటుంది. ఆయన వ్యాయామం సైకిలు తీసేస్తే సరిగ్గా సరిపోతుంది.

అన్నట్టు, అక్టోబరు నుంచి ఆ మిశ్రమంలోకి మార్చిన నర్సరీ మొక్కలు ఇంకో ఐదున్నాయి. నిన్న అన్నింటిలోనూ కొబ్బరి ఈనె గుచ్చాను. మూడింటిలో దిగింది. నైట్ క్వీన్‌లోనూ, కొత్త పొగడ మొక్కలోనూ విరిగింది.

గంధరాజం ఇవాళ పొద్దున్న 8.4 కిలోలు. 8 కిందకి దిగితే మళ్లీ తొట్టిలోకి.