శ్రీలంక మెడల్ కోసం తిరిగిన తిరుగుడు: నా అనుభవం

మొత్తానికి నిన్న మెడల్ చేతికొచ్చింది. స్పెషల్ సర్వీస్ మెడల్, రిబ్బన్ మీద 'శ్రీలంక' క్లాస్ప్ (ఎక్కడ పనిచేశామో తెలిపే లోహపు పట్టీ). 1981లో చిలికాలో నేవీ ట్రైనింగ్‌తో మొదలుపెట్టి, చీఫ్ పెట్టీ ఆఫీసర్‌గా రిటైరయ్యాను. సర్వీసు మొత్తంలో ఒక్క రెడ్ ఇంక్ ఎంట్రీ, అంటే శిక్ష పడ్డ గుర్తు, లేదు. అలాంటిది, ఈ మెడల్ మాత్రం నా డిశ్చార్జ్ బుక్కులో (రిటైరైనప్పుడు ఇచ్చే సర్వీసు రికార్డు) ఎక్కించలేదు.

అప్లికేషన్, అటెస్టేషన్లు ఒక పూటలో అయిపోయాయి. నరకమంతా మాజీ సైనికుల పనులు చూసే ఆఫీసు కౌంటర్ దగ్గరే.

అక్కడి గుమాస్తా కాగితం తిప్పి చూసి, "శ్రీలంకతో మనకి యుద్ధమెప్పుడైందండీ? కార్గిల్ అని రాయబోయారా?" అన్నాడు. పక్క సీటాయన నవ్వి, "యుద్ధం కాదులే, ఏదో శాంతి సేన" అంటూ కాగితం వెనక్కి తోశాడు. నా వెనక లైన్లో జవాన్ల భార్యలు, కుర్ర మాజీ సైనికులు. వాళ్లందరి ముందు దొంగ సర్టిఫికెట్ తెచ్చినవాడిలా నిలబెట్టారు నన్ను.

మన శాంతి సేనని శ్రీలంకకి పంపిన భారత్-శ్రీలంక ఒప్పందం 1987 జులై 29న. అక్టోబరుకే అక్కడి జాఫ్నాలో ఎల్‌టీటీఈతో (తమిళ పులులతో) పోరు. 1990 మార్చిలో మన ఆఖరి దళం ట్రింకోమలీలో ఓడెక్కేలోపు దాదాపు 1,200 మంది ప్రాణాలు పోయాయి. మా ల్యాండింగ్ షిప్పులో ట్యాంకులు నిలిపే డెక్కు మీదే గాయపడ్డవాళ్ల స్ట్రెచర్లు పరిచేవాళ్లం. ఓడ ఊగినప్పుడు జారకుండా తాళ్లతో కట్టేవాళ్లం. ఆ డీజిల్ కంపులో ఒక జవాను నా కాలరు పట్టుకుని, మద్రాసు రేవు చేరేదాకా వదల్లేదు. ఇదంతా చెప్పబోతే "రూలు చూపించండి" అన్నారు. కొలంబో పక్కన కోట్టేలో మనవాళ్లకి శ్రీలంకవాళ్లే స్మారకం కట్టారు. ఇక్కడ, మాజీ సైనికుల పని చూడ్డానికే జీతం తీసుకునేవాళ్లకి ఆ సంగతే తెలియదు. సిగ్గుచేటు.

ఇక ఆ గడప తొక్కకుండా, ముంబైలో సెయిలర్ల రికార్డులు చూసే ఆఫీసుకే రిజిస్టర్డ్ పోస్టు పంపాను. జవాబు మర్యాదగా వచ్చింది, పనీ జరిగింది. మీరూ అదే చేయండి. పర్సనల్ నంబరు, ఓడ పేరు, అందులో పనిచేసిన తేదీలు డిశ్చార్జ్ బుక్కులో ఉన్నవి ఉన్నట్టే రాయండి. శ్రీలంకలో మన సేన చేపట్టిన ఆపరేషన్ పేరు, ఆపరేషన్ పవన్ అని పైనే పెట్టండి. పార్సెల్ విప్పగానే మెడల్‌తోపాటు క్లాస్ప్ కూడా ఉందో లేదో చూసుకోండి.