మూడు తొక్కుళ్ళకోసారి జారిన చైన్

రెండు రోజుల సైకిల్ ట్రిప్ అది, నేనూ మా తమ్ముడూ, మొత్తం 140 కిలోమీటర్లు, మధ్యలో ఒక కొండ ఎక్కి అవతలికి దిగాలి. బయల్దేరే ముందు రోజు రాత్రి పాత చైన్ తీసేసి కొత్తది వేశాను, దారిలో ఇబ్బంది పెట్టకూడదని. 114 లింకులకి కట్ చేసి, చైన్‌తో పాటు వచ్చిన పిన్నుని చైన్ టూల్‌తో లోపలికి తోసి కలిపాను. వెనక చక్రం పైకెత్తి చేత్తో తిప్పితే బానే తిరిగింది. ఎక్కి ఓ రౌండ్ వేసి చూసి ఉండాల్సింది, చూడలేదు.

పొద్దున మొదటి పది కిలోమీటర్లలోనే మొదలైంది. టక్ మని చైన్ ఒక పన్ను ఎగిరి మళ్ళీ కూర్చుంటోంది, పెడల్ ఒక్కసారిగా ఖాళీగా కిందకి జారుతోంది. చదును రోడ్డు మీద చిరాకంతే, కానీ ఎక్కుడులో లేచి నిలబడి తొక్కుతున్నప్పుడు జారితే మోకాలు వెళ్ళి హ్యాండిల్‌కి కొట్టుకుంది, పక్కన లారీ ఉండి ఉంటే ఏమయ్యేదో.

నేను ముందు అనుమానించింది గేర్ కేబుల్‌ని. దిగడం, కేబుల్ చివర ఉండే చిన్న మరని అర చుట్టు తిప్పడం, ఎక్కడం, మళ్ళీ టక్. అలా నాలుగైదు సార్లు చేశాక, అంతవరకూ సరిగ్గా పడుతున్న గేర్లు కూడా గరగరలాడటం మొదలుపెట్టాయి. కేబుల్ వదులైతే చైన్ పక్క పళ్ళచక్రం మీదకి పోవాలని చూస్తుంది, ఒరుసుకుంటున్న చప్పుడు వస్తూనే ఉంటుంది. నాది అలా కాదు, ఉన్న చక్రం మీదే ఉండి ఎగురుతోంది. ఆ తేడా అప్పుడే గమనిస్తే గంట మిగిలేది.

తమ్ముడే పట్టుకున్నాడు అసలు సంగతి. వెనకే వస్తూ "అన్నయ్యా, సరిగ్గా మూడు తొక్కుళ్ళకోసారి టక్ అంటోంది, కావాలంటే లెక్కపెట్టుకో" అన్నాడు. లెక్కపెట్టాను, నిజమే. నా ముందు చక్రానికి 38 పళ్ళు, చైన్‌కి 114 లింకులు, అంటే పెడల్ మూడు చుట్లు తిరిగితే చైన్ మొత్తం ఒక చుట్టు తిరిగినట్టు. ప్రతి తొక్కుడుకీ జారితే ముందు పళ్ళని చూడాలి, వెనక చక్రం చుట్టు చుట్టుకీ జారితే వెనక ఏదో పన్ను దెబ్బతిని ఉంటుంది, ఇలా చైన్ చుట్టుకోసారి అయితే తప్పు చైన్‌లోనే, అదీ ఒకే చోట.

చెట్టు కింద ఆగి, తమ్ముడు సైకిల్ ఎత్తి పట్టుకుంటే నేను పెడల్ వెనక్కి మెల్లగా, చాలా మెల్లగా తిప్పుతూ డిరేలియర్ (గేర్ మార్చినప్పుడు చైన్‌ని పక్క చక్రం మీదకి జరిపే వెనక భాగం) కింద ఉండే రెండు చిన్న చక్రాలనే చూస్తూ కూర్చున్నా. లింకులన్నీ మెత్తగా ఒంగి వెళ్తున్నాయి, ఒక్కటి మాత్రం వంకరగానే వచ్చింది, అది దాటగానే డిరేలియర్ చెయ్యి ఉలిక్కిపడినట్టు చిన్నగా అదిరింది. నేను ముందు రాత్రి కలిపిన పిన్నే! లోపలికి తోసేటప్పుడు బయటి రేకులు లోపలి రేకుల్ని నొక్కేశాయి, దాంతో ఆ కీలు బిగుసుకుపోయింది. పళ్ళ మీద చుట్టుకోవాల్సిన చోట కదలకుండా బిగుసుకుని ఉంటే ఎగరక ఏం చేస్తుంది.

రెండు బొటనవేళ్ళు పిన్నుకి అటూ ఇటూ పెట్టి చైన్‌ని పక్కకి, అంటే మామూలుగా ఒంగని వైపుకి, కొంచెం కొంచెంగా వంచాను. గట్టిగా వంచితే రేకు పాడవుతుంది, అందుకే నాలుగైదు సార్లు నెమ్మదిగా. చివరికి వేలితో కదిపితే ఆ కీలు దాని బరువుకి అదే వాలింది, అబ్బ ఎంత హాయి అనిపించిందో! ఒక్క చుక్క ఆయిల్ వేసి, కేబుల్ మరని మళ్ళీ సరిచేసి బయల్దేరాం.

మూడు తొక్కుళ్ళ టక్ పూర్తిగా పోయింది. అయితే కొండ మీద ఇంకోటి బయటపడింది. నేను రోజూ వాడే మధ్య గేర్ ఒకటుంది, దాంట్లో బలంగా తొక్కితే మాత్రమే జారుతోంది, లెక్కా పత్రం లేకుండా. మిగతా గేర్లలో ఏమీ లేదు. పాత చైన్‌తో కలిసి ఆ గేర్ చక్రం పళ్ళూ అరిగిపోయాయి, కొత్త చైన్ వాటి మీద కుదురుకోవట్లేదు. దీనికి దారిలో మందు లేదు, ఆ గేర్ వదిలేసి పక్క గేర్లతో కొండ ఎక్కేశాను, మిగతా ట్రిప్ అంతా అలాగే లాగించాను.

ఇంటికొచ్చాక పాత చైన్ లాగి పట్టి స్కేలుతో కొలిచాను. ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకి అర అంగుళం, అంటే 24 లింకులకి 12 అంగుళాలు రావాలి, నాది ఇంకో అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువొచ్చింది. చైన్ సాగింది అంటాం గానీ ఇనుము సాగదు, లోపల ప్రతి కీలూ కాస్త కాస్త అరిగితే అదంతా కలిసి అంత పొడుగవుతుంది. అందులో సగం అరిగినప్పుడే మార్చి ఉంటే పళ్ళు మిగిలేవి. ఇప్పుడు కేసెట్, అంటే వెనక పళ్ళచక్రాల గుత్తి, మార్చేశాను, సీటు కింద సంచిలో చైన్ టూల్ పక్కన ఒక క్విక్ లింక్ (పిన్ను తోయకుండానే చైన్ కలిపే లింకు) కూడా పెట్టుకున్నాను.