పాటను అనుసరించే బొమ్మ

హైదరాబాదులో సినిమాలకు కంపోజిటింగ్, అంటే వేర్వేరు బొమ్మలను ఒకే దృశ్యంగా కలిపే పని, చేసిన కాలంలో ఒక్కో ఫ్రేము రెండర్ కావడానికి, అంటే కంప్యూటరులో తుది బొమ్మగా తయారు కావడానికి, గంటలు పట్టినా మాకు చింత ఉండేది కాదు, ఎందుకంటే పాట అప్పటికే రికార్డయి, ఎడిటింగు కూడా ముగిసి, ఇక మారేది లేదన్న ధీమాతో మా చేతికి వచ్చేది. కెనడాలోని మాంట్రియల్‌కు వచ్చి రాక్ కచేరీలకు దృశ్యాలు తయారుచేసే బృందంలో చేరాక ఆ వెసులుబాటు పోయింది. వేదిక మీది వాయిద్యంతో పాటు బొమ్మ కూడా అప్పటికప్పుడే పుట్టాలంటే, సెకనుకు 60 ఫ్రేముల లెక్కన కంప్యూటరుకు ఒక్కో ఫ్రేము మీద 17 మిల్లీసెకన్లు కూడా దక్కవు.

అన్ని కచేరీలూ ఇలా ఉండవు. చాలా బృందాల్లో డ్రమ్మర్ చెవిలో తాళం చెప్పే క్లిక్ మోగుతుంది, దానితో కలిసి నడిచే టైమ్‌కోడ్, అంటే పాట ఏ క్షణంలో ఉందో తెలిపే సంకేతం, తెర మీదికి వీడియోను పంపే కంప్యూటరైన మీడియా సర్వర్‌కు అందుతుంది, ముందే రెండర్ చేసిన వీడియో పాట వెంట సాగిపోతుంది. అందులోనూ నైపుణ్యం ఉంది, కాని నా మనసు బొమ్మను అప్పటికప్పుడే పుట్టించే పద్ధతి మీదే ఉంది. 2024 ఏప్రిల్‌లో లాస్ వేగాస్‌లోని స్ఫియర్ అనే గోళాకార ప్రదర్శనశాలలో ఫిష్ అనే అమెరికన్ రాక్ బృందం నాలుగు రాత్రులు వాయించి, ఒక్క పాటనూ తిరిగి వాయించలేదు. ఏ పాట ఎంతసేపు సాగుతుందో ముందుగా చెప్పలేని ఆ బృందానికి దృశ్యాలు సమకూర్చినది మా ఊరి దృశ్య ప్రదర్శనల సంస్థ మూమెంట్ ఫ్యాక్టరీ. అటువంటి కచేరీలో బొమ్మను నడిపే వ్యక్తి, గాయకుడు ఆలాపనలో ఎటు వెళితే అటు వెళ్లే వయొలిన్ విద్వాంసుడిలా, చెవిని వేదికకు అప్పగించి కూర్చోవాలి.

స్ఫియర్ లోపలి తెర వైశాల్యం దాదాపు 1,60,000 చదరపు అడుగులు. అంతటి తెర తల చుట్టూ, తల పైనా కమ్ముకున్నప్పుడు, మానిటర్ మీద అందంగా తోచిన కెమెరా కదలికే కడుపులో తిప్పుతుంది. దిగంతరేఖ కొద్దిగా ఒరిగినా కుర్చీ తూలినట్టవుతుంది. అందుకే ఇలాంటి తెరలకు పనిచేసేటప్పుడు ప్రతి దృశ్యాన్నీ వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకుని, వేర్వేరు సీట్ల నుంచి చూసి సరిచేస్తాం. ఒకవైపు తెలుపు ఎక్కువైతే ఆ వెలుగు ఎదుటి వంపు మీద పడి అక్కడి నలుపు బూడిదరంగుకు తిరుగుతుంది. అన్నిటికన్నా కష్టమైనది తగ్గించుకోవడం. ఆరడుగుల మనిషి ఒంటరిగా గిటారు వాయిస్తుంటే వెనుక నక్షత్రమండలాలు తిప్పడం అతనికి చేసే అన్యాయమని నేను నమ్ముతాను.

ఈ కళ కంప్యూటర్లతో పుట్టలేదు. 1968లో న్యూయార్క్‌లోని ఫిల్‌మోర్ ఈస్ట్ అనే కచేరీ హాలులో జాషువా లైట్ షో అనే బృందం వారు గాజు పళ్లేల్లో నూనె, రంగునీళ్లు పోసి, ప్రొజెక్టర్ మీద వాటిని చేతులతో కదుపుతూ పాటకు తగ్గట్టు తెరను నింపేవారు.

ఇక్కడికి రావాలనుకునే మన పిల్లలు ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలని అడుగుతుంటారు. అన్‌రియల్ ఇంజిన్, నాచ్, టచ్‌డిజైనర్ అవసరమే. అయితే వాటికి ముందు, తెరలు లేని చిన్న కచేరీలకు వెళ్లి, పాట ఎక్కడ మలుపు తిరగబోతోందో పసిగట్టే చెవిని పెంచుకోమని చెబుతాను. ఏ క్షణాన ఏ బొమ్మ రావాలో రిహార్సల్‌లో శ్రద్ధగా రాసుకున్న క్యూలను ప్రదర్శనలో పాట కోసం వదిలేయగలవారికే మా దగ్గర దృశ్యాలను నడిపే డెస్క్ అప్పగిస్తారు.