మంచులో కొరకలేని జీడిపాకం: గ్రీన్లాండ్ యాత్రకు చివరి సన్నాహాలు

మైనస్ 20 డిగ్రీల గదిలో రాత్రంతా ఉంచిన జీడిపాకం బద్ద ఈసారి కూడా పంటికి లొంగలేదు. ఏప్రిల్‌లో మొదలయ్యే గ్రీన్లాండ్ యాత్రకు మిగిలిన పనులలో నన్ను కుదురుగా ఉండనివ్వనిది ఇదొక్కటే. మంచు మీద స్లెడ్జిని (జారుడు బండిని) లాగడానికి సిద్ధపడుతూ కళింగపట్నం ఇసుకలో చేస్తున్న టైర్లు లాగే సాధన నడుముకు అలవాటైంది. అనుమతి పత్రాలు, ఆపదలో వెతికి రక్షించే ఖర్చుకు గాలింపు బీమా పూర్తయ్యాయి. హిల్లెబర్గ్ కెరాన్ గుడారాన్ని మందపాటి చేతితొడుగులు తీయకుండానే వేయగలుగుతున్నాము.

పడమటి వైపున కాంగర్లుసువాక్ నుంచి తూర్పు తీరంలోని ఇసోర్తోక్ వరకు దారి సుమారు 550 కిలోమీటర్లు. మనిషికి రోజుకు కిలో ఆహారం చొప్పున స్లెడ్జిలో లాక్కుపోవాలి, ఆ కిలోలో 5,000 కేలరీలు ఉండాలి. గ్రాము పిండిపదార్థం 4 కేలరీలిస్తే గ్రాము కొవ్వు 9 ఇస్తుంది కనుక, కొవ్వు లేనిదే ఈ లెక్క కుదరదు. 1888లో గ్రీన్లాండ్‌ను కప్పిన మంచుపలకను తొలిసారిగా దాటిన ఫ్రిట్యోఫ్ నాన్సెన్ బృందం వెంట తీసుకుపోయిన ఎండుమాంసపు ముద్దలో కొవ్వు తీసివేసి ఉండటంతో, వారు దారిపొడవునా కొవ్వు కోసం అలమటించారు. విదేశీ ఎనర్జీ బార్లు రుచిలోనూ ధరలోనూ నాకు నచ్చవు. పక్కనే పలాస జీడిపప్పు ఉండగా వాటిని కొనడం దండగ అన్నది నా అభిప్రాయం.

మొదటి పాళ్లు ఇవి: జీడిపప్పు 500 గ్రాములు, బెల్లం 350, నెయ్యి 100. ఉండపాకం దాటించి, 12 మిల్లీమీటర్ల మందాన పళ్లెంలో పరచి, బద్దలు కోశాను. తీరంలోని ఒక రొయ్యల ఎగుమతి కర్మాగారం వారు పెద్దమనసుతో తమ శీతల గదిలో ఒక మూల ఇచ్చారు. గది బయటి సూచిక మైనస్ 20 చూపుతున్నా, పాకం వేడిగా ఉన్నప్పుడే బద్దలో గుచ్చి ఉంచిన ఉష్ణమాపకం మైనస్ 17 దగ్గరే ఆగింది. మంచుపలక మీద రాత్రివేళ మైనస్ 25, 30 ఎదురవుతాయి కాబట్టి అసలు పరీక్ష ఇంతకంటే కఠినమైనది. ఆ మైనస్ 17లోనే, కిలో తూనికరాయిని 30 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలితే బద్ద అంచు మాత్రం చిట్లింది. దవడపన్ను పెట్టే సాహసం నేను చేయలేదు.

బెల్లంలో మిగిలిన నీరే గడ్డకడుతోందని ఊహించి పాకాన్ని ఇంకా ముదరబెట్టాను. అప్పుడది అక్షరాలా గాజైంది, విరిగిన అంచు చిగురును కోసింది. పాకాన్ని తీగ దగ్గరే దించితే శీతల గదిలో గట్టిదనం కొంత తగ్గింది గాని, శ్రీకాకుళం ఉక్కలో కాగితానికి అంటుకొని సంచిలోనే కారిపోయింది. నెయ్యికి బదులు, చలికి అంత త్వరగా గడ్డకట్టని నువ్వుల నూనె వేసినా పెద్ద తేడా రాలేదు. పప్పులను పట్టి ఉంచేది పాకమే కాబట్టి, అది గాజుగా మారాక లోపల ఏ కొవ్వు ఉన్నా ఒకటేనని తోస్తోంది. బెల్లంలో మూడో వంతు తీసి తేనె కలిపినప్పుడు మాత్రం ఆశ కలిగింది: 12 మిల్లీమీటర్ల బద్ద కొరుకుడు పడలేదు, 6 మిల్లీమీటర్లదానిపై పంటి గాటు పడింది, చొక్కా లోపలి జేబులో ఇరవై నిమిషాలు ఉంచితే మెత్తబడింది. తేనెలోని గ్లూకోజు, ఫ్రక్టోజు పాకాన్ని గాజు కానివ్వకుండా అడ్డుపడుతున్నాయని నా అంచనా. అయితే ఆ బద్ద ఇక్కడి వేడికి గట్టిపడనే లేదు.

పాకమే వద్దనుకుని సున్నుండల పద్ధతిలో జీడిపప్పు పొడి, బెల్లం పొడి, నెయ్యి కలిపి ఉండలు కట్టాను. అవి మైనస్ 17లో కూడా కొరికితే పొడిగా విరిగాయి. యాత్రలో నాకు జంటగా వస్తున్న మా బావ ఒక్క కొరుకు కొరికి, “బాగానే ఉంది గాని బావా, ఆ ఈదురుగాలిలో సగం పొడి మంచుకే పోతుంది” అన్నాడు. ఆ అభ్యంతరానికి నా దగ్గర జవాబు లేదు.

శీతల గదిలో ఓడిన ముదురుపాకమే నిధుల సేకరణకు ఊతమైంది. రథసప్తమికి అరసవల్లి వచ్చే జనం కోసం పావుకిలో పొట్లాలు కట్టి అమ్మితే మధ్యాహ్నానికే అయిపోయాయి. విరాళాలన్నీ ఉద్దానంలోని మూత్రపిండాల రోగులకే చెందుతాయి. డయాలసిస్ వారానికి రెండు మూడు సార్లు, ఒక్కొక్కసారి సుమారు నాలుగు గంటలు పడుతుంది. కవిటి, మందస వైపు పల్లెల నుంచి రోగితోపాటు తోడు వచ్చేవారికి ఆ పూట కూలి పోతుంది, ఆటో కిరాయి అదనం. ఆ కిరాయి, తోడుమనిషి భోజనం మా లక్ష్యం. “మీరు మంచులో తిరగడానికి మేమెందుకు ఇవ్వాలి?” అని ఎవరైనా అడిగితే అది న్యాయమైన ప్రశ్నే కనుక, యాత్ర ఖర్చు మా సొంతానిదిగానే ఉంచి, విరాళాలకు వేరే ఖాతా తెరిచి, దాని లెక్కను నెలనెలా చూపుతున్నాము. రసీదు పుస్తకం కంటే క్యూఆర్ అట్టకు స్పందన ఎక్కువ. కిలోమీటరుకు ఇంత అని మాట ఇచ్చేవారు మాత్రం ముఖాముఖి అడిగితేనే ముందుకొస్తున్నారు.

పొయ్యి విషయంలో నాకు సందేహం లేదు. మోత ఎక్కువైనా ఎమ్‌ఎస్‌ఆర్ ఎక్స్‌జీకే కిరోసిన్‌తోనూ మండుతుంది కాబట్టి సాధన ఇక్కడే సాగుతోంది. విమానంలో ఇంధనం తీసుకుపోనివ్వరు గనుక అసలు ఇంధనం అక్కడే కొనాలి. మూసిన శీతల గదిలో పొయ్యి వెలిగించడం విషవాయువుతో చెలగాటం, ఆ ఆలోచన ఎవరికీ వద్దు.

వచ్చే ఆదివారం రెండు రకాలు గదిలోకి వెళ్తాయి: తేనె పాకాన్ని 6 మిల్లీమీటర్ల మందాన పరచి, వేలిగోరంత ముక్కలుగా ముందే కోసి, అంటుకోకుండా జీడిపొడి అద్దినవి ఒకటి, నెయ్యి సగం, నువ్వుల నూనె సగం వేసి, నోట్లో ఒకేసారి పట్టేలా గోళీల పరిమాణంలో కట్టిన ఉండలు రెండోది. ఉష్ణమాపకాన్ని ఈసారి రెండింటిలోనూ గుచ్చుతాను.