సొరంగమా, కొండ దారా

జూరిక్ నుంచి మిలాన్‌కి టికెట్లు మా ఆయన మధ్యాహ్నం ఆఫీసు నుంచే కొనేశారు. నన్ను ఒక్క మాట అడగలేదు. "చవగ్గా కనిపించాయి, రేపటికి ఉంటాయో ఉండవో అని తీసేశాను" అని సాయంత్రం బూట్లు విప్పుతూ చెప్పారు. అప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. పదకొండు దాటింది, ఇల్లంతా నిద్రపోయింది, నేను వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని ఇది రాస్తున్నాను.

కొన్న రైలు మంచిదే. మూడు గంటల ఇరవై నిమిషాల్లో మిలాన్ సెంట్రలేలో దింపుతుంది, మధ్యలో ఎక్కడా మారక్కర్లేదు. కానీ అది గొట్టార్డ్ కొత్త సొరంగంలోంచి పోతుంది. 2016లో తెరిచిన సొరంగం, 57 కిలోమీటర్ల పొడవు. ఇటు ఎర్‌స్ట్‌ఫెల్డ్ దగ్గర దూరితే ఆల్ప్స్ అడుగు నుంచి వెళ్ళి అటు బోడియో దగ్గర తేలుతుంది. దాదాపు ఇరవై నిమిషాల చీకటి. అమ్మానాన్నల్ని విశాఖ నుంచి రప్పించుకుని, అసలైన కొండలొచ్చే వేళకి కిటికీ అద్దంలో వాళ్ళ మొహాలే వాళ్ళకి చూపించాలా?

పాత దారి ఇంకా ఉంది. 1882లో వేసిన లైను. రాగి రంగు రైళ్ళు ఇప్పటికీ ఆ దారినే కొండెక్కి దిగుతున్నాయి. వాసెన్ అని ఒక ఊరు వస్తుంది, గుట్ట మీద చిన్న తెల్ల చర్చి. కొండ నిటారుగా ఉండటం వల్ల రైలు ఒక్క ఊపున ఎక్కలేదు, సొరంగాల్లో గుండ్రంగా తిరుగుతూ మెట్టు మెట్టుగా ఎక్కాలి. అలా తిరగడంలో ఆ చర్చి మూడుసార్లు కనిపిస్తుంది. ఒకసారి తలెత్తి చూస్తాం, ఒకసారి సరిగ్గా కళ్ళెదురుగా ఉంటుంది, ఇంకోసారి కింద ఎక్కడో బొమ్మలా ఉంటుంది. మేం ఇక్కడికొచ్చిన మొదటి ఏడాది చూశాను. ఆ రోజే అనుకున్నాను, నాన్నకి ఇది చూపించాలి అని. ఎన్నేళ్ళ నుంచో దాచుకున్న మాట అది. మా ఆయనకీ తెలుసు. అయినా కొనేశారు.

ఇక సీట్ల సంగతి. ఆ రైలుకి రిజర్వేషన్ తప్పనిసరి. మేం ఆరుగురం. నలుగురికి ఒక బోగీలో ఇచ్చి, ఇద్దరికి ఐదు బోగీల అవతల ఇచ్చారు. ఆ ఇద్దరు ఎవరో చూస్తే అమ్మ, చిన్నోడు! చిన్నోడికి ఐదేళ్ళు. అమ్మకి ఇక్కడి భాష ఒక్క ముక్క రాదు, టికెట్ చూసేవాళ్ళొచ్చి ఏమైనా అడిగితే ఏం చెప్తుంది? సైటులో మార్చుదామని చూస్తే మార్చే వీలే లేదు. ఫోన్ చేశాను. అరగంట సంగీతం వినిపించి, ఆ తర్వాత ఒకాయన చాలా మర్యాదగా "మార్చడం కుదరదండీ, కావాలంటే కొత్తగా మళ్ళీ కొనుక్కోండి" అన్నాడు. పిల్లల వయసులు అడిగి మరీ టికెట్లు అమ్మారు కదా, ఐదేళ్ళవాణ్ణి అమ్మానాన్నల దగ్గర కూర్చోబెట్టాలన్న ఆలోచన అందులో ఎవరికీ రాలేదా? ఇది ఒక్క మా సమస్యే కాదు, పిల్లలతో వెళ్ళే ప్రతి ఇంటికీ ఇదే టెన్షన్. ఎక్కాక ఎవరినో బతిమాలి సీటు మార్చుకోవాలి, వాళ్ళు కాదంటే మొహం చిన్నబుచ్చుకోవాలి.

ఇదంతా చెప్తే మా ఆయన అన్న మాట: "మూడు గంటలే కదా, అత్తయ్య దగ్గర నేను కూర్చుంటాలే." ఆ "మూడు గంటలే కదా" దగ్గరే నాకు ఒళ్ళు మండింది. మా ఇంట్లో ప్రయాణమంటే చేరడం కాదు. నాన్న గార్డు. వాల్తేరు డివిజన్లో ఇరవై రెండేళ్ళు గూడ్స్ బళ్ళ మీద, అందులో చాలా భాగం కొత్తవలస–కిరండూల్ లైన్లో. ఇనప ఖనిజం బళ్ళు. చివర బ్రేక్ వ్యాన్లో ఒక్కరే. ఆయన డ్యూటీ దిగి ఇంటికొస్తే చొక్కా కాలరు ఎర్రగా ఉండేది, ఉతికినా పోయేది కాదు. గుమ్మం పక్కన ఆయన లైన్ బాక్స్ ఉండేది, నల్ల రంగు పెట్టె, మూత మీద తెల్ల పెయింటుతో పేరు. అందులో జెండాలు, విజిల్, లాంతరు. ఎవరం ముట్టుకోకూడదు.

ఒక్కసారి మాత్రం నాన్న మమ్మల్ని ఆ దారిలో తీసుకెళ్ళారు. నాకు ఎనిమిదేళ్ళు, అన్నయ్యకి పదకొండు. డిసెంబరు. తెల్లారకుండా లేచి పాసు మీద కిరండూల్ పాసింజరు ఎక్కాం. శృంగవరపుకోట దాకా మామూలు రైలే. బొడ్డవర దాటాక కొండెక్కడం మొదలుపెట్టింది. సొరంగాలు లెక్కపెట్టాలని అన్నయ్యా నేనూ పందెం. నా దగ్గర రూళ్ళ నోట్‌బుక్కు, సొరంగానికొక గీత. చీకట్లో గీత మీద గీత పడిపోయేది. సొరంగం రాగానే బోగీలో పిల్లలందరూ ఒకటే అరుపు, నేనూ అరిచేదాన్ని, ఆ గొడవలో రెండు సొరంగాల్ని ఒకటిగా లెక్కేసేదాన్ని. నాన్న అసలు బయటికి చూడకుండానే చెప్పేవారు. నా అరచెయ్యి తీసి కిటికీ ఊచకి ఆనించి, "ఆగు, ఇప్పుడు చల్లబడుతుంది" అనేవారు. ఒక్క క్షణానికి చేతికి చల్లటి గాలి తగిలేది, ఆ వెంటనే చీకటి. "ఇది పొడుగుది, అరిచే ఓపిక ఉంచుకో" అనేవారు. చిమిడిపల్లి దగ్గర రైలు చాలాసేపు ఆగిపోతే స్టీలు క్యారేజీలో పులిహోర తిన్నాం. చింతపండు పులుపు, వేరుశెనగ గింజలు, ఇంగువ. అరకు చేరేసరికి నా లెక్కా అన్నయ్య లెక్కా కుదరలేదు. నాన్నని అడిగితే చెప్పలేదు, "వచ్చేటప్పుడు మళ్ళీ పెట్టండి" అన్నారు. వచ్చేటప్పుడు నిద్రపోయాం.

ఇదంతా మనసులో పెట్టుకుని భోజనాల దగ్గర మా ఆయన మీద ఫిర్యాదు చేశాను. నాన్న నా వైపు మాట్లాడతారని గట్టి నమ్మకం. ఆయన ముద్ద పళ్ళెంలోనే ఆపి, "యాభై ఏడు కిలోమీటర్లా?" అన్నారు.

అవునన్నాను.

"ఒకటే సొరంగమా, రెండా? లోపల వేడి ఎంత ఉంటుందమ్మా?"

మా ఆయనకి హుషారొచ్చింది. రెండు గొట్టాలని, పైన కొండ రెండు వేల మీటర్లు దాటి ఉందని, తవ్వేటప్పుడు లోపలి రాయి 45 డిగ్రీల దాకా వేడెక్కి ఉందని చెప్పారు. 2023 ఆగస్టులో గూడ్స్ బండి ఒకటి లోపల పట్టాలు తప్పిన సంగతీ చెప్పారు. ఒక వ్యాగను చక్రం పగిలి, ఆ బండి అలాగే ఈడ్చుకుంటూ పోయింది. ఏడు కిలోమీటర్ల పట్టాలు కొత్తగా వెయ్యాల్సి వచ్చింది, పూర్తిగా తెరిచేసరికి 2024 సెప్టెంబరు. నాన్న చెయ్యి ఎండిపోతున్నా తినడం మర్చిపోయి విన్నారు. "వెనకాల గార్డు లేడా?" అన్నారు. లేడన్నారు మా ఆయన. "ఉంటే నిప్పురవ్వలు చూసేవాడు" అన్నారు నాన్న. రెండుసార్లు అన్నారు ఆ మాట.

తర్వాత నా వైపు తిరిగి, "కొండెక్కే బండి నేను చాలా చూశాను తల్లీ. దీంట్లోనే వెళ్దాం" అన్నారు.

నాకేం అనాలో తెలియలేదు. ఇన్నేళ్ళూ నాన్నకోసం అని దాచింది నాన్నకి అక్కర్లేదు. సాయంత్రమంతా మా ఆయనతో ఎడమొహం పెడమొహంగా ఉన్నాను కదా, ఆయన తప్పేం లేదా మరి? అడక్కుండా కొనడం తప్పే, ఆ మాట మీద ఇప్పటికీ ఉన్నాను. కానీ ఏ దారి అన్న విషయంలో ఆయనే నాన్నకి దగ్గరగా ఉన్నారు. నాన్న రైలు మనిషి. ప్రపంచంలో అన్నిటికన్నా పొడుగు రైలు సొరంగం పక్కనే పెట్టుకుని చర్చి చూడమంటే ఆయనకెలా నచ్చుతుంది!

సరే, సొరంగమే అని నేను పళ్ళేలు తీస్తుంటే అమ్మ పెరుగు గిన్నె మీద మూత పెడుతూ నెమ్మదిగా అడిగింది: "ఏదో మూడుసార్లు కనిపిస్తాదన్నావు, అది ఏ రైలే?"

పాత దారిలో అని చెప్పాను.

"మీరు ఆ రోజు అరకు నుంచి వచ్చి నెల్లాళ్ళు అదే కబుర్లు. చల్లగాలి, చీకటి, అరుపులు. నేను ఆ రైలెక్కనే లేదు కదా."

నా చేతిలో పళ్ళెం అలాగే ఉండిపోయింది. నిజమే. ఆ బోగీలో అమ్మ లేదు. నానమ్మ మంచంలో ఉండేది అప్పుడు, అమ్మ ఇల్లు కదిలే వీలుండేది కాదు. తెల్లారకుండా లేచి పులిహోర కలిపింది ఆవిడే. క్యారేజీ, అందులో వేరుశెనగ గింజలు, ఇంగువ వాసన అన్నీ గుర్తున్నాయి నాకు. అమ్మ రాలేదన్నది మాత్రం ఈ రాత్రి ఆవిడ చెప్పేదాకా తట్టలేదు. కిరండూల్ లైన్లో అన్నేళ్ళు పనిచేసిన మనిషి భార్య ఆ లైన్లో ఒక్కసారీ వెళ్ళలేదు. నానమ్మ పోయాక మా పరీక్షలు, ఆ తర్వాత నాన్నకి సెలవు దొరికితే నిద్ర. అమ్మ అడగలేదు కూడా. నాన్న ఏమీ మాట్లాడకుండా లేచి చెయ్యి కడుక్కున్నారు. కాసేపటికి, "పాసు ఉండేది కదా" అన్నారు, ఎవరితోనో తెలియదు.

అదృష్టం, మా ఆయన తిరుగు టికెట్లు ఇంకా కొనలేదు. ఇందాకటి నుంచి అవే చూస్తున్నాను. మిలాన్ నుంచి బెల్లిన్జోనా దాకా పెద్ద రైలు, అక్కడ మారి రాగి రంగు రైలు. దానికి రిజర్వేషన్ తప్పనిసరి కాదు, ఆరుగురం ఒక్కచోట కూర్చోవచ్చు. మధ్యలో ఐరోలోలో దిగి తర్వాతి బండి ఎక్కాలని ఉంది. అక్కడ స్టేషన్ దగ్గర ఒక కంచు శిల్పం ఉంది, చనిపోయిన పనివాణ్ణి తోటివాళ్ళు మోసుకెళ్తున్నట్టు. విన్చెంజో వేలా చెక్కింది. 1882 నాటి 15 కిలోమీటర్ల పాత సొరంగం తవ్వడంలో దాదాపు 200 మంది పోయారు. ఆ పని చేయించిన ఇంజినీరు లూయీ ఫావ్ర్ కూడా పని పూర్తి కాకుండానే 1879లో ఆ సొరంగంలోనే కుప్పకూలి పోయాడు. ఇది నాన్న కోసం. ఆయన ఆ బొమ్మ దగ్గర చాలాసేపు నిలబడతారని నాకు తెలుసు. అమ్మ మోకాళ్ళకి దిగడం ఎక్కడం కష్టమైతే ఆ గంట ఆవిడా నేనూ బల్ల మీద కూర్చుంటాం.

మంచినీళ్ళకి లేచిన మా ఆయన నా భుజం మీంచి చూసి, "వెళ్ళేటప్పుడు అత్తయ్య పక్కన నేను కూర్చుంటాను, చిన్నోడిని నీ దగ్గర ఉంచుకో" అన్నారు. సాయంత్రం కూడా సగం ఇదే అన్నారు, నేనే వినలేదు. సరేనన్నాను. అడక్కుండా కొనడం గురించి రేపు మాట్లాడతాను.

మిలాన్ వైపు నుంచి వస్తే వాసెన్ చర్చి ముందు కింద కనిపిస్తుంది, తర్వాత ఎదురుగా, చివరికి తలపైన. రైలు మెలికలు తిరగడం వల్ల ఒకే కిటికీలోంచి మూడుసార్లూ దొరకదు, అటు నుంచి ఇటు మారాలి. పడుకునే ముందు మా అమ్మాయి బుజ్జికి ఇది చెప్తే, అమ్మమ్మని ఎప్పుడు ఏ వైపు లేపాలో తను చూసుకుంటానంది. పొద్దున్న అమ్మకి చెప్పాలి. పులిహోర మాత్రం ఈసారి నేను కలుపుతాను.