నాయన తుపాకీ ఎవరి పేరు మీదకు?

నాయన పన్నెండో రోజు కార్యం అయిన మర్నాడే పోలీసు స్టేషన్ నుంచి ఫోను. చేసింది అక్కడ రాతకోతలు చూసే రైటరు. పరామర్శగా రెండు మాటలన్నాక అసలు సంగతికొచ్చాడు. "ఆయుధం తెచ్చి డిపాజిట్ చేయాల సార్. లైసెన్సు పెద్దాయన పేరు మీద గదా ఉండేది."

అంతవరకూ మాకు తట్టనే లేదు. 1959 నాటి ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ప్రకారం లైసెన్సుదారు చనిపోతే వారసులు ఆలస్యం చేయకుండా ఆయుధాన్ని దగ్గర్లోని స్టేషన్లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించాలి. మేమేమో చుట్టాలకు పక్కలు పరవడంలో, వంటమనిషికి లెక్కలు చెప్పడంలో మునిగి ఉన్నాం. పన్నెండు రోజులుగా ఇంట్లో లైసెన్సు లేని తుపాకీ ఉంది.

మాది నల్లమల అంచున ఒక పల్లె. అడవి పందులు దిగాయంటే వేరుశనగ చేను తెల్లారేసరికి దున్నినట్టు ఉంటుంది. నాయన 1979లో పంట రక్షణకని లైసెన్సు తీసుకుని పన్నెండు బోరు డబుల్ బ్యారెల్, అంటే రెండు గొట్టాల తుపాకీ కొన్నాడు. పందిని చంపడానికి కాదు. వన్యప్రాణి చట్టం 1972 నుంచే ఉంది, అనుమతి లేకుండా కొడితే కేసే. మంచె మీద నుంచి గాల్లోకి ఒక్కటి పేలిస్తే మంద చెదిరిపోయేది, అంతవరకే. నలభై మూడేళ్లలో ఆయన పేల్చినవి మొత్తం తొంభై ఆరు. ఇంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, నాయన ఒక నోటుబుక్కు పెట్టి ప్రతి తూటాకూ లెక్క రాశాడు.

తుపాకీ ఇంట్లో ఒకచోట ఉండేది కాదు. డబుల్ బ్యారెల్ విప్పితే మూడు ముక్కలవుతుంది: గొట్టాలు, మడమ, గొట్టాల కింద చెయ్యి పట్టుకునే చెక్క. గొట్టాలు భోషాణంలో, మడమ అటక మీద, చెక్క దేవుడి గూటి కింద అలమరలో. తూటాలు అమ్మ బీరువాలో. బీరువా తాళంచెవి అమ్మ కొంగున. చేనికి కాపలా పోయే రాత్రి నాయన అమ్మను అడగాలి. "ఎన్ని?" అంటుంది అమ్మ. "రెండు." రెండే ఇస్తుంది. తెల్లవారి పేలని తూటా తిరిగి అమ్మ చేతికి రావాలి, పేలినదైతే దాని ఖాళీ డొల్ల రావాలి. తుపాకీ ఉన్న ప్రతి ఇంట్లోనూ తూటాలు ఆడవాళ్ల దగ్గరే ఉంటాయి కాబోలు అనుకునేవాణ్ని చిన్నప్పుడు.

దీపావళికి మాకు బొమ్మ తుపాకీ కొనిపెట్టింది లేదు. ఊళ్లో పిల్లలంతా రీళ్లు చుట్టుకుని ఠప్పు ఠప్పుమని కాలుస్తుంటే, నిజం తుపాకీ ఉన్న ఇంటి పిల్లలం మేము కాకరపువ్వొత్తులు పట్టుకుని చూసేవాళ్లం. వేలు చాపి "ఠాయ్" అన్నా నాయన ఊరుకునేవాడు కాదు. కొట్టడు, తిట్టడు. "ఆ వేలు ఎవరి మీదుంది?" అంటాడు. చెప్పేదాకా కదలడు. "అన్న మీద." "వాడు పోతే తెస్తావా?" అంతే, వెళ్లిపోయేవాడు.

మా ఆవిడ పుట్టింట్లో అంతా దీనికి తిరగబడి ఉండేది. మామగారు బడిపంతులు, ఇంట్లో పెద్ద కత్తి కూడా లేదు. కానీ పండగొస్తే పిల్లలతో పాటు బావమరుదులు కూడా ప్లాస్టిక్ పిస్తోళ్లు పట్టుకుని ఒకర్నొకరు తరుముకునేవాళ్లు. పెళ్లయిన కొత్తలో వాళ్లలో ఒకడు సరదాగా నా నుదుటికి ఎర్ర పిస్తోలు ఆనించాడు. నా చెయ్యి దానంతటదే లేచి దాని మూతిని నేలకు వంచేసింది. అందరూ నవ్వారు. "అంత భయమేసిందా మీకు?" అని ఆవిడ రాత్రి అడిగింది. భయం కాదన్నాను. మరేమిటో ఆ రోజు చెప్పలేకపోయాను.

అమ్మకు మాత్రం ఎన్నికలంటే ఇష్టం. షెడ్యూలు రాగానే లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో అప్పగించాలని కబురొచ్చేది. నాయన దాన్ని దుప్పట్లో చుట్టి సైకిలు కడ్డీకి కట్టుకుని పోయి రసీదు తెచ్చుకునేవాడు. మళ్లీ ఫలితాలొచ్చాకే. ఆ నెలా రెండు నెలలూ అమ్మ కొంగున తాళంచెవి ఉండేది కాదు, మేకుకు వేలాడేది. సర్పంచి ఎన్నికలైనా అసెంబ్లీ ఎన్నికలైనా ఎవరు గెలిచారని అడిగేది కాదు, తుపాకీ ఎప్పుడు తెస్తావని అడిగేది. ఆ అడగడంలో తొందర ఏమీ ఉండేది కాదు.

సరే, ఫోనొచ్చిన రోజే మూడు ముక్కలూ, తూటాల డబ్బా, లైసెన్సు, నోటుబుక్కు తీసుకుని స్టేషనుకు పోయాను. రైటరు తుపాకీ మీది నంబరు లైసెన్సుతో సరిచూశాడు. తూటాలు బల్ల మీద పోసి లెక్కపెట్టాడు. పదమూడు. తర్వాత నోటుబుక్కు తిప్పుతూ కూడికలు వేశాడు. కొన్నవి నూట పది, పేల్చినవి తొంభై ఆరు. "పద్నాలుగుండాల గదా సార్."

నా వీపు చల్లబడింది. నాయన లెక్క తప్పిందంటే నేను నమ్మను. ఇద్దరం మళ్లీ మొదటి పేజీ నుంచి చూస్తే 1985 పేజీ అంచున, గళ్లకు బయట, పెన్సిల్‌తో చిన్న అక్షరాలు: "1 – పెద్దోడు."

"పెద్దోడంటే?"

"మా అన్న."

అక్కణ్నుంచే హైదరాబాదుకు ఫోను చేశాను. అన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. "తర్వాత చెప్తాలే" అన్నాడు. రైటరు మంచివాడు. ఉన్నదే రాస్తానని పదమూడు అని రాసి రసీదు చేతిలో పెట్టాడు.

ముందున్న దారులు మూడే. వారసుడిగా నా పేరు మీద లైసెన్సు తెచ్చుకోవడం, కొద్దికాలానికి అనుమతి తీసుకుని డీలరుకో మరో లైసెన్సుదారుకో అమ్మేయడం, లేదా ప్రభుత్వానికి వదిలేయడం. అన్న మాట ఒక్కటే: "నువ్వు ఊరికి దగ్గర్లో ఉన్నావు. నీ పేరు మీద పెట్టుకో. అమ్మితే ఊరుకోను." 2016 ఆయుధాల నిబంధనల్లో ఒక వెసులుబాటు ఉంది. లైసెన్సుదారుకు డెబ్బై ఏళ్లు నిండినా, ఆ ఆయుధం ఇరవై అయిదేళ్లు తన దగ్గరున్నా, బతికుండగానే వారసుణ్ని చూపించి బదిలీకి అడగొచ్చు. నాయనకు రెండు అర్హతలూ ఉన్నాయి. డెబ్బై ఎనిమిదేళ్లకు పోయాడు. రెన్యువల్ గడువు మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెరిగిందని 2019 సవరణ గురించి సంబరపడ్డ మనిషి, ఈ వారసుడి సంగతి మాత్రం ఎన్నడూ ఎత్తలేదు. మమ్మల్ని ఇద్దర్నీ కూర్చోబెట్టి అడిగిందీ లేదు.

అన్న కోసమే దరఖాస్తు మొదలుపెట్టాను. మరణ ధ్రువీకరణ, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, అమ్మ, అన్న, అక్క అభ్యంతరం లేదని నోటరీ చేయించి ఇచ్చిన పత్రాలు. అక్క సంతకం కోసం నెల్లూరు పోయొచ్చాను. ఒక ఆఫీసులో నాయన ఇంటిపేరు ఒక కాగితంలో దీర్ఘంతో, ఇంకో కాగితంలో దీర్ఘం లేకుండా ఉందని మూడు సార్లు తిప్పారు. ఆ దీర్ఘం కథ చెబితే అదే ఒక పుస్తకమవుతుంది, వదిలేద్దాం.

డాక్టరు సర్టిఫికెట్ కావాలి. ఒంటి ఆరోగ్యమే కాదు, మానసిక ఆరోగ్యం బాగుందని, మత్తు పదార్థాల అలవాటు లేదని కూడా. మానసిక వైద్యుడు కుర్రవాడు. బీపీ చూసి సంతకం పెట్టేస్తాడనుకున్నా. పెన్ను పక్కన పెట్టి, "కోపమొస్తే ఏం చేస్తారు?" అన్నాడు.

"బయటికెళ్లి నడుస్తాను."

"ఎవరు నేర్పారు?"

అది సర్టిఫికెట్‌కు అవసరమైన ప్రశ్న కాదేమో. కానీ నాకు వెంటనే నాయన కనిపించాడు. పెదనాయన కొడుకులతో గట్టు తగాదా నడిచిన రోజుల్లో ఆయన సర్వేయరు వచ్చే పొద్దున తువ్వాలు భుజాన వేసుకుని చెరువు కట్ట వెంట నడిచి నడిచి వచ్చేవాడు. అంతకుముందే గొట్టాలుండే భోషాణం తాళంచెవి కూడా అమ్మకిచ్చి, "నేనడిగినా ఇయ్యొద్దు" అనేవాడు. ఈ మాట నేను చెవులారా విన్నాను. ఎనిమిదేళ్లవాణ్ని, అర్థం కాలేదు.

తర్వాత శిక్షణ. ఆయుధాన్ని జాగ్రత్తగా పట్టుకోవడం, భద్రపరచడం వచ్చని సర్టిఫికెట్ ఉండాలి. నేర్పేది రిటైరైన సైనికుడు. నా చేతికి తుపాకీ ఇచ్చాడు. ఇచ్చేముందు విరిచి, అంటే గొట్టాలను కిందికి వంచి తెరిచి, ఖాళీ అని చూపించాడు కూడా. అయినా నేను తీసుకుని మళ్లీ విరిచి, రెండు గొట్టాల్లోంచీ ఆకాశం చూసి, మూతి నేలకు దించి, వేలు మీటకు బయట పెట్టుకున్నాను. "ముందే నేర్చుకున్నారా?" అన్నాడు. లేదన్నాను, నిజంగానే. నాయన నాకు పాఠం చెప్పింది లేదు. దసరా ముందు ఆయుధపూజకు తుపాకీ తీసి తుడిచేటప్పుడు నూనె గిన్నె పట్టుకుని పక్కన కూర్చునేవాణ్ని, అంతే. ఆయన అయిదు నిమిషాల కిందట చూసిన గొట్టాన్ని మళ్లీ చూసేవాడు. అమ్మ చేతికిచ్చి తీసుకున్నా మళ్లీ చూసేవాడు. బావమరిది పిస్తోలును నా చెయ్యి ఎందుకు వంచిందో ఆ శిక్షణ బల్ల దగ్గర తెలిసింది. ఇంటికొచ్చి ఆవిడకు చెబితే, "పదమూడేళ్లకు జవాబొచ్చింది" అంది.

పోలీసు విచారణకు కానిస్టేబులు మా పల్లెకే వచ్చాడు. ఇరుగుపొరుగును అడిగాడు, నన్నూ అడిగాడు: కేసులున్నాయా, తగాదాలున్నాయా. గట్టు తగాదా ఇంకా ఉందని చెప్పాను. ఇప్పుడది మా తరానికి దిగింది. ఆయన రాసుకుంటూ నవ్వాడు. "గట్టు తగాదా ఉన్నోడు తుపాకీ అడిగితే మేం ఏం రాయాల సార్?"

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాయనకూ ఇదే తగాదా, ఇదే తుపాకీ. కానీ ఆయన ఇంట్లో అమ్మ ఉంది, కొంగున తాళంచెవి ఉంది, అడిగి తీసుకునే అలవాటుంది. మాది టౌన్లో రెండు గదుల అద్దె ఇల్లు. మా ఆవిడ తూటాల పెట్టె పక్కన పడుకోనని ముందే చెప్పింది. మావాడికి తొమ్మిదేళ్లు. వాడి చేతిలో అమ్మమ్మగారింటి ప్లాస్టిక్ పిస్తోలు, ఫోనులో కాల్పుల ఆట. వాణ్ని నేను నాయనలా ఒక్కసారి కూడా నిలబెట్టి అడగలేదు. వెంటనే తిడతాను. చేను కౌలుకిచ్చేశాం, పందులను తోలేది కౌలుదారు సోలార్ కంచె. దరఖాస్తులో ఆయుధం ఎందుకు కావాలన్నచోట "పంట రక్షణ" అని నాయన కారణాన్నే ఎక్కించాను. నా కారణం ఏదీ లేదు.

దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నానని, అమ్మడానికి అనుమతి ఇమ్మని కలెక్టరేటుకు ఉత్తరం రాశాను. అన్నకు చెప్పేసరికి ఫోను పెట్టేశాడు. వారం తర్వాత వాడే చేశాడు. పెద్దోడి తూటా సంగతి అప్పుడు చెప్పాడు.

పదకొండేళ్లప్పుడు అమ్మ బీరువా తెరిచి ఉన్న వేళ ఒక తూటా తీసి బడికి పట్టుకుపోయాడట, చూపించుకోవడానికి. వాగు దాటేటప్పుడు జేబులోంచి జారిపోయింది. సాయంత్రానికి నాయనకు తెలిసింది. వాగులో రెండు రోజులు వెతికించాడు. దొరకలేదు. మూడో రోజు అన్నను సైకిలు మీద ఎక్కించుకుని స్టేషనుకు పోయాడు. "నా పెట్టెలోంచి ఒక తూటా పోయింది, నా అజాగ్రత్త" అన్నాడట. కొడుకు తీశాడని చెప్పలేదు. అప్పటి ఎస్సై నోటికొచ్చిందల్లా అన్నాడు, లైసెన్సు రద్దు చేయిస్తానన్నాడు. "నాయన చేతులు కట్టుకుని నిలబడినాడు రా. గంటసేపు. నేను పక్కనే ఉన్నా. ఆయన ఇంకెవరి ముందరా చేతులు కట్టుకునింది నేను చూడలా." దారిలో అన్నను ఒక్క మాట అనలేదట. ఇంటికొచ్చాక నోటుబుక్కు తీసి ఆ పెన్సిల్ గీత గీశాడు.

నాకప్పుడు అయిదేళ్లు. నేను చూసింది తూటాలను మరీ మరీ లెక్కపెట్టే నాయనను. అలా లెక్కపెట్టడం ఎందుకు మొదలైందో చూసినవాడు అన్న. ఒకే ఇంట్లో పెరిగాం గానీ, నాకు ఆ తుపాకీ ఒక పద్ధతి, వాడికి తీరని బాకీ. దాన్ని పోగొట్టకుండా కాపాడితే ఆ గంట తీరిపోతుందని వాడి లెక్క. "అమ్ముకో" అన్నాడు చివరికి. "అప్పగించే రోజు నేను రావాల."

అనుమతి రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ రోజు అన్న రాత్రి బస్సెక్కి వచ్చాడు. స్టేషన్లో అదే రైటరు. డీలరు మనిషి తుపాకీ విరిచి గొట్టాల్లోంచి చూసి, బాగా ఉంచారన్నాడు. తూటాల డబ్బా తెరిచేసరికి అన్న ముందుకొచ్చి, "నేను లెక్కపెడతాను సార్" అన్నాడు. రైటరు నా వైపు చూశాడు. తలూపాను.

నలభై ఎనిమిదేళ్ల మనిషి. ఒక్కొక్కటీ తీసి బల్ల మీద నిలబెట్టాడు. మళ్లీ అన్నీ డబ్బాలో వేసి ఇంకోసారి లెక్కపెట్టాడు.

"పదమూడు సార్. ఒకటి నేను పోగొట్టినా."

రైటరు తలెత్తకుండా పదమూడు అని రాసి, సంతకం పెట్టమని పుస్తకం నా వైపు తిప్పాడు.