వచ్చాలేదు

మా బడి సంచికకి ఏదైనా రాసిమ్మంటే మొదట బడి గేటు దగ్గర ఉప్పూకారం చల్లి అమ్మే మామిడికాయ ముక్కల గురించి రాద్దామనుకున్నాను. అవి ఎలాగూ ఇంకో పదిమంది రాస్తారు. నేను ఇంగ్లీషు క్రియల గురించి రాస్తున్నాను. నవ్వేవాళ్లు నవ్వండి.

ఏడో తరగతిలో మా చేత పన్నెండు టెన్సులూ బట్టీ పట్టించారు. మూడు కాలాలు, ఒక్కో కాలానికి నాలుగేసి గళ్లు, గోడమీద పెద్ద చార్టు. నిద్రలో లేపి అడిగినా 'విల్ హ్యావ్ బీన్ గోయింగ్' దాకా గడగడా అప్పజెప్పేదాన్ని. ఇరవై ఏళ్ల పైబడిన ఉద్యోగంలో ఆ చివరి గడి అవసరం నాకు ఒక్కసారి కూడా పడలేదు. కానీ ఆ రోజుల్లో ఎవరైనా "నిన్న బడికెందుకు రాలేదు" అని ఇంగ్లీషులో అడిగితే నోరు పెగిలేది కాదు. పెగిలితే "ఐ డిడ్ నాట్ కేమ్" అని వచ్చేది.

ఎనిమిదిలో టీచర్ మారారు. పేరు రాస్తే ఆవిడ ఊరుకోరు, మా బ్యాచ్ వాళ్లకి రాయక్కర్లేదు. తాతల కాలంనుంచీ మద్రాసులోనే ఉన్న కుటుంబం. మన అందరిళ్లలోలాగే నెల్లూరు తెలుగులో సగం అరవం కలిసిన మాట. నేను మొదటివారమే లేచి "డిడ్ నాట్ కేమ్" అన్నాను. ఆవిడ తిట్టలేదు. "అదే తెలుగులో చెప్పు" అన్నారు.

"రాలేదు టీచర్."

"వచ్చాలేదు అనలేదేం?"

క్లాసంతా గొల్లుమంది. ఆవిడ మాత్రం నవ్వకుండా బోర్డు మీద రాశారు: వచ్చాను, రాలేదు. తిన్నాను, తినలేదు. చేశాను, చేయలేదు. 'లేదు' రాగానే జరిగిపోయిన కాలం గుర్తంతా క్రియ మీంచి రాలిపోయి ఉత్త 'రా', 'తిన', 'చేయ' మిగులుతున్నాయి చూడండి అన్నారు. ఇంగ్లీషులో 'డిడ్ నాట్' వచ్చినా అంతే, కాలం బరువంతా 'డిడ్' మోస్తుంది, 'కమ్' చేతులూపుకుంటూ వస్తుంది. అరవంలో కూడా వందేన్, వరలై. మూడు భాషల్లోనూ ఒకే పని. అందులో రెండింటిని మేం పుట్టినప్పట్నుంచీ తప్పు లేకుండా మాట్లాడుతున్నాం, ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు, అంతే. ఆ రోజు నుంచి ఎవరు ఆ తప్పు చేసినా వెనక బెంచీ నుంచి "వచ్చాలేదు!" అని కేక పడేది.

'హి గో' అన్నవాడికీ ఇదే మందు. "వాడు వెళ్తాను అంటావురా?" మనకి నేను, నువ్వు, వాడు, ఆమె, వాళ్లు అందరికీ తలో తోక ఉంది. పాపం ఇంగ్లీషు క్రియకి మిగిలింది ఒక్క 'ఎస్', దాన్ని కూడా పెట్టలేరా అనేవారు.

అసలు కష్టం 'హ్యావ్'తో. "ఐ హ్యావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే" అని రాయనివాళ్లు మా క్లాసులో లేరు. అది ఎందుకు తప్పో చార్టు చూస్తే తెలియదు. మాకు నీళ్ల లారీ వల్ల తెలిసింది.

అప్పటికి ఊరు ఇంకా మద్రాసే. కృష్ణా నీళ్లు ఊరికి తాగునీళ్లిచ్చే పూండి చెరువుకి చేరింది 1996లో, అంటే ఇంకా రెండు మూడేళ్లు ఉంది. జార్జ్ టౌన్ సందుల్లో నీళ్ల లారీ వచ్చిందంటే వీధి వీధంతా కదిలేది. మధ్యాహ్నం పీరియడ్. కిటికీ కిందనుంచి కేక: "తన్ని లారి వందిరుక్కు!" నాతో పాటు నలుగురైదుగురు ఆడపిల్లలం సగం లేచాం. ఇల్లు ఆ పక్క సందే. ప్లాస్టిక్ బిందెల వరసలో అమ్మ పక్కన నిలబడాల్సింది మేమే.

"ఎందుకు లేచారు?"

"లారీ వచ్చింది టీచర్."

"నిన్న కూడా వచ్చిందిగా, దానికీ లేస్తారా?"

అప్పుడు బోర్డు మీద రెండు వాక్యాలు రాశారు. ది లారీ హ్యాజ్ కమ్. ది లారీ కేమ్ యెస్టర్‌డే. మొదటిది వింటే బిందె తియ్యాలి. రెండోది విని బిందె తీస్తే జనం నవ్వుతారు. రెండూ జరిగిపోయినవే, కానీ మొదటిదానికి ఇప్పటితో ఇంకా పని ఉంది. తెలుగులో రెంటికీ 'వచ్చింది' ఒక్కటే. 'వచ్చి ఉంది' అనొచ్చు, కానీ బిందె పట్టుకుని పరిగెత్తే మనిషి అంత తీరిగ్గా మాట్లాడదు. వీధిలో అరవంలో అరిచినవాడు మాత్రం 'వందిరుక్కు', అంటే 'వచ్చి ఉంది' అనే అన్నాడు. అదే నిన్నటి సంగతైతే 'నేత్తు వందుచ్చు' అనేవాడు. 'నిన్న' అన్నాక 'హ్యావ్'కి ఆ వాక్యంలో చోటు లేదు. అంత చెప్పి, పొండి, నీళ్లు పట్టుకుని పది నిమిషాల్లో రండి అన్నారు. మేం అరగంటకి వచ్చాం.

తర్వాత నా సెలవు చీటీ దొరికింది ఆవిడకి. "ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్ సిన్స్ టూ డేస్." తరతరాలుగా అందరం రాసే వాక్యమే. మనకి సోమవారం నుంచి, రెండు రోజుల నుంచి, రెంటికీ 'నుంచి' చాలు. అక్కడే దెబ్బ తింటాం. ఆవిడ చిట్కా ఇది: మాట చివర 'గా' పెట్టి చూడు. 'రెండు రోజులుగా' అతుకుతుంది, కాబట్టి 'ఫర్'. 'సోమవారంగా' అతకదు, కాబట్టి 'సిన్స్'. 'నాలుగేళ్లుగా' సరే, '1990గా' అంటే ఎవడికీ అర్థం కాదు. ఇప్పటికీ ఆఫీసు మెయిల్ పంపేముందు నేను లోపల 'గా' పెట్టి చూసుకుంటాను. జ్వరం ఇంకా తగ్గలేదు కాబట్టి 'హ్యావ్ బీన్ సఫరింగ్' అని ఎర్ర సిరాతో దిద్ది, చీటీ వెనక్కిచ్చి, సెలవు కూడా ఇచ్చారు.

'షల్', 'విల్' తేడా మీద మాత్రం ఆవిడ పదిహేను రోజులు వృథా చేశారని ఇప్పటికీ నా అభిప్రాయం.

మన తెలుగు మాస్టారి సంగతి కూడా చెప్పాలి. ఒకరోజు ఎవరో "ది సన్ ఈజ్ రైజింగ్ ఇన్ ది ఈస్ట్" అని చదువుతుంటే, తర్వాతి పీరియడ్ కోసం గుమ్మంలో నిలబడ్డ ఆయన ఉండబట్టలేక లోపలికొచ్చారు. 'రైజెస్' అనాల్సినదానికి 'ప్రెజెంట్' అని పేరు పెట్టి ఇంగ్లీషువాళ్లే పిల్లల్ని ముంచుతున్నారు, అది ఇప్పుడు జరిగేది కాదు, ఎప్పుడూ జరిగేది, చిన్నయసూరి దానికి విడిగా పేరే పెట్టాడు, తద్ధర్మం అని. 1858లో బాలవ్యాకరణం. సూరి పాఠాలు చెప్పిందీ ఈ ఊళ్లోనే, పచ్చయప్ప బడిలోనూ ప్రెసిడెన్సీ కాలేజీలోనూ. 'నేను కాఫీ తాగుతాను' అంటే రోజూ తాగే అలవాటు కావచ్చు, రేపు తాగబోయేదీ కావచ్చు, మనకి ఒక్కటే రూపం. ఇంగ్లీషువాడు రేపటికి 'విల్' తగిలిస్తాడు. టీచర్ సుద్దముక్క ఆయన చేతికిచ్చి పక్కన నిలబడ్డారు. ఆ పీరియడ్ ఎవరిదో మాకు తెలియలేదు, గంట కొట్టింది కూడా వినలేదు.

మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో మొన్న ఒకాయన, ఇప్పుడు పెద్ద హోదాలో ఉన్నాడు, "సారీ ఫ్రెండ్స్, ఐ డిడ్ నాట్ కేమ్ ఫర్ ది మీటింగ్" అని పెట్టాడు. నిమిషంలో పదకొండు మంది రాశారు: వచ్చాలేదు. టీచర్ కూడా ఆ గ్రూపులోనే ఉన్నారు. అందుకే సగం మంది వాయిస్ మెసేజులే, అదీ తెలుగులోనే, పంపిస్తారు.